ముందు ముద్ద దిగేదాకా

మా బావ ఓపికని ఎవరైనా పొగిడితే మా అక్కకి ఒళ్ళు మండుతుంది. పొగిడేవాళ్ళకి మాత్రం కొదవ లేదు. మా ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది నమిలేది ఆయన చేసిన పళ్ళతోనే. పళ్ళ డాక్టర్లు చిగుళ్ళ అచ్చు తీసి పంపిస్తే, ఇంటి వెనక రేకుల గదిలో కూర్చుని, మైనం కరిగించి, పోత పోసి, అరగదీసి, ఒక్కో పన్నూ నిలబెడతాడు. కట్టుడు పళ్ళని తెలిసిపోకూడదని మనిషి వయసుని బట్టి కాస్త పసుపు రంగు కలుపుతాడు, ఒక పన్నుని కావాలని వంకరగా పెడతాడు. ఒక్కటి కుదరకపోతే సెట్టంతా విప్పి మళ్ళీ మొదలు. అదే మనిషిని వంటింటి తలుపు గడియ బిగించమని అక్క అడిగితే "ఆదివారం చూద్దాంలే" అంటాడు. ఆ ఆదివారం ఇంకా రాలేదు.

నేను వాళ్ళ పై వాటాలో ఉంటాను. బస్సు టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం. రోజంతా క్యూలో విసుక్కునే మొహాలు చూసి ఇంటికొచ్చేదాన్ని కాబట్టి, కిందికి దిగి టీ కలుపుకుని, బావ తన పగడాలకి తిండి పెట్టడం చూస్తూ తాగడం అలవాటైంది. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్ర రాయి అనేంతవరకే నా జ్ఞానం. అది బతికున్నప్పుడు ఒక జీవమనీ, దానికి నోరుంటుందనీ, ఆకలేస్తుందనీ బావ చెప్పేదాకా తెలీదు.

ముందు గదిలో గోడ పొడవునా గాజు తొట్టి. అందులో ఉప్పు కలిపిన నీళ్ళు, పైన నీలం దీపం, నీళ్ళని అటూ ఇటూ తోసే పంపులు, రాళ్ళ మీద రకరకాల పగడాలు. కొన్నింటికి వెలుతురే సగం తిండి. నారింజ రంగుది ఒకటుంది, దానికి మాత్రం వెలుతురుతో పని లేదు, ఒక్కో నోటికీ ఒక్కో ముద్ద చేత్తో పెట్టాల్సిందే. బావకి అదంటే ప్రాణం. "ఇంటికి పెద్దకోడలు" అని పిలిచేది దాన్ని అక్క, పళ్ళు నూరుతూ.

తిండి పెట్టే వరస చూసి తీరాలి. ముందు టీవీ కట్టేస్తాడు. తర్వాత పంపులు ఆపుతాడు, లేకపోతే పెట్టిన తిండి కొట్టుకుపోతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చిట్టి రొయ్యల్ని చిన్న గిన్నెలో తొట్టి నీళ్ళతోనే కరిగిస్తాడు. ఆ కరిగిన నీళ్ళు ఒక చుక్క ముందు వదులుతాడు, వాసన తగిలితే పగడం సన్నటి వేళ్ళు బయటికి చాపుతుందట. చాపేదాకా కూర్చుంటాడు. ఎంతసేపైనా సరే. అప్పుడు పొడుగాటి గాజు గొట్టంతో రొయ్యని తీసుకెళ్ళి నోటి పక్కన ఆనిస్తాడు. తొట్టిలో ఎర్ర చారల దొంగ రొయ్య ఒకటి తిరుగుతూ ఉంటుంది, పగడం నోట్లో పెట్టిన ముద్దని కూడా లాక్కుపోయే రకం. దానికి అందకుండా, కోసిన ప్లాస్టిక్ సీసా మూతి సగాన్ని పగడం మీద బోర్లిస్తాడు. అది మింగేదాకా ఆ సీసా తియ్యడు.

"తొందర పెట్టకూడదు మరదలా. ముందు ముద్ద దిగేదాకా రెండోది పెట్టామనుకో, రెండూ ఉమ్మేస్తుంది. కడుపు మాడ్చుకుంటుంది కానీ మన తొందరకి మాత్రం తినదు," అనేవాడు.

"మా కౌంటర్ ముందు నిలబడేవాళ్ళకి ఈ బుద్ధి ఉంటే ఎంత బాగుండును బావా," అనేదాన్ని నేను.

ఆ తొట్టి పక్కనే చక్రాల కుర్చీలో పెద్దబావగారు ఉండేవారు. బావకి అన్నగారు. అమ్మానాన్నలు తొందరగా పోతే, తన చదువు మానేసి, లారీ ఎక్కి, తమ్ముణ్ణి చదివించి, పని నేర్పించి, ఇల్లు నిలబెట్టింది ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో "ఒక లారీకి ఇద్దరు డ్రైవర్లు పొసగరు" అనేవారు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తెలివి పోలేదు. చెప్పిందంతా అర్థమవుతుంది, ఛలోక్తి విసిరితే మూతి ఎడమ పక్కతో నవ్వుతారు. మింగడమే కష్టం. మెత్తగా చేసిన ముద్ద చిన్న చెంచాతో పెట్టాలి, ఒక గుటక, ఆ తర్వాత ఇంకో గుటక, అప్పుడు రెండో చెంచా. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇంట్లో అందరికీ ఆ మాట చెప్పే పంపారు.

పొద్దునా మధ్యాహ్నం అక్క తినిపించేది. తర్వాత బట్టల షాపులో ఆవిడకి డ్యూటీ, చీకటి పడ్డాకే రావడం. సాయంత్రం ముద్ద బావ వంతు. పగడాల పని అయ్యాక, పంపులూ టీవీ మళ్ళీ వేసి, గిన్నె తీసుకుని అన్నగారి దగ్గరికి వెళ్ళేవాడు. నా టీ అప్పటికి అయిపోయి నేను పైకి వెళ్ళిపోయేదాన్ని. అక్క వచ్చి చూసేసరికి సింకులో గిన్నె ఉండేది, అందులో సగం ముద్ద అలాగే ఉండేది.

"అన్నయ్యకి సాయంత్రాలు ఆకలుండదు," అనేవాడు బావ. "వద్దని మొహం తిప్పేస్తాడు. ఏం చేస్తాం."

అక్క నమ్మింది. నేనూ నమ్మాను. పగడానికి అంత ఓపికగా తినిపించే మనిషి సొంత అన్నగారికి తినిపించలేకపోతున్నాడంటే లోపం అన్నగారి ఆకలిలోనే ఉందనుకున్నాం.

పెద్దబావగారు చిక్కిపోయారు. మెడ కింద ఎముకలు పొడుచుకొచ్చాయి, చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టు వేలాడింది. అక్క ముద్దలో ఏవేవో బలానికి కలిపేది. పరీక్షలు చేయించారు, ఏమీ దొరకలేదు. ఆఖరికి డాక్టర్ గారు తేల్చి చెప్పారు. వచ్చేసారికి బరువు ఇంకా తగ్గితే నోటి తిండి ఆపేసి, పొట్టకి గొట్టం వేసి అందులోంచే పొయ్యాలట. బావ "మీరెలా అంటే అలాగేనండీ, ఆకలే ఉండదు మరి" అని తల ఊపాడు. పెద్దబావగారికి మిగిలిన సరదా తినడం ఒక్కటే. ఆ మాట విని ఎడమ చేత్తో అక్క మణికట్టు పట్టుకున్నారు, ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

ఆ వచ్చేసారికి ఇంకా గడువుండగానే, ఒక సెలవు రోజు బావకి తెలిసిన బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య వచ్చారు. వాళ్ళింట్లోనూ పగడాల తొట్టి పెట్టుకోవాలని ముచ్చటట, తిండి పెట్టే పద్ధతి చూపించమని బావని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. వాళ్ళొస్తున్నారని బావ ఆ రోజు వరస మార్చి, అన్నగారి ముద్ద ముందే కానిచ్చేశాడు. సెలవు కాబట్టి అక్క ఇంట్లోనే ఉంది, కానీ వంటింట్లో టీ, ఫలహారాల హడావిడిలో ఉంది. గిన్నె ఎప్పటిలాగే సగంతో సింకులోకి వచ్చింది.

ఇక బావ ఉపన్యాసం మొదలైంది. మైకు ఒక్కటే తక్కువ. టీవీ ఎందుకు కట్టెయ్యాలో, పంపులు ఎందుకు ఆపాలో, మొదటి చుక్క ఎందుకు వదలాలో. "పిల్లల కన్నా సున్నితమండీ ఇవి. మనకెంత పనున్నా వీటి దగ్గర కూర్చున్నప్పుడు మరిచిపోవాలి. ముందు ముద్ద దిగేదాకా రెండోది పెట్టకూడదు. పెట్టామా, ఉమ్మేస్తాయి." బ్యాంకాయన మంచి విద్యార్థిలా ప్రతి మాటకీ "ఊఁ, ఊఁ" అంటున్నాడు. నారింజ పగడం నెమ్మదిగా వేళ్ళు చాపింది. ఆయన భార్య "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంది. బావ మొహం వెలిగిపోయింది.

రొయ్యల గిన్నె ఉన్న బల్లకీ తొట్టికీ మధ్యన పెద్దబావగారి కుర్చీ. బావ గొట్టంలోకి రొయ్యని తీసుకుని తొట్టి వైపు తిరిగాడు. గొట్టం పెద్దబావగారి మొహం ముందునుంచి వెళ్ళింది. ఆయన నోరు తెరిచారు.

గొట్టం తొట్టిలోకి దిగిపోయింది. ఆయన నోరు మూశారు. బావ చూడలేదు. రెండో రొయ్య కోసం తిరిగి, మళ్ళీ తొట్టి వైపు వచ్చాడు. ఆయన మళ్ళీ నోరు తెరిచారు, ఈసారి మెడ కూడా కొంచెం ముందుకు చాపారు.

"అయ్యో, అన్నయ్యగారికి ఆకలేస్తున్నట్టుందండీ," అంది బ్యాంకాయన భార్య.

"ఇప్పుడే తిన్నాడండీ," అని బావ నవ్వాడు. "రోజూ వీటిని చూసీ చూసీ నోరు తెరవడం అలవాటైంది, అంతే."

వాళ్ళు మర్యాదకి నవ్వారు. టీ కప్పులు పట్టుకొచ్చిన అక్క గుమ్మంలో ఆగిపోయింది. కప్పులు బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్ళి, ముద్ద వేడి చేసి పట్టుకొచ్చి బావ చేతికిచ్చింది.

"పెట్టి చూడండి. తింటారేమో."

"ఇప్పుడా? వాళ్ళు వచ్చి కూర్చుంటే..."

"పరవాలేదండీ, మా కోసం ఆగకండి," అన్నాడు బ్యాంకాయన.

బావ కూర్చోలేదు. నిలబడే చెంచా నోట్లో పెట్టాడు. పెద్దబావగారు దాన్ని నాలుకతో ఎడమ బుగ్గలోకి తోసుకుంటున్నారు. అప్పటికే రెండో చెంచా పెదాలకి ఆనేసింది. "ఊఁ, కానీ అన్నయ్యా." ఆయన నోరు తెరిచారు, పాపం. దాని వెనకే మూడోది. బావ మొహం చెంచా వైపు లేదు, కిటికీ వైపు ఉంది. ముద్ద పెదవి చివర నుంచి జారింది. తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిచి నాలుగోది పట్టాడు. ఆయనకి పొలమారింది. కళ్ళ నీళ్ళొచ్చేలా దగ్గి, మొహం పక్కకి తిప్పేసుకున్నారు.

"చూశారా?" అన్నాడు బావ మా అందరి వైపూ తిరిగి. "రోజూ ఇదే వరస. వద్దంటాడు."

"కాదండీ," అన్నాడు బ్యాంకాయన అమాయకంగా, "ముందు ముద్ద దిగేదాకా రెండోది పెట్టకూడదని ఇందాక మీరే చెప్పారు కదా. ఉమ్మేస్తాయన్నారు."

అన్నాక తనేమన్నాడో ఆయనకే తెలిసి నాలిక్కరుచుకున్నాడు. పంపులు ఆపి ఉన్నాయి, టీవీ ఆపి ఉంది, గదిలో పెద్దబావగారి ఆయాసం ఒక్కటే వినిపిస్తోంది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏమిటో నలుగురి ముందూ తేలిపోయింది. బావని చూడ్డానికి నాకే సిగ్గేసింది.

అక్క గిన్నె తీసుకుంది, స్టూలు లాక్కుని పెద్దబావగారి మొహానికి ఎదురుగా కూర్చుంది. ఒక చెంచా పెట్టి గొంతు కదిలేదాకా చూసింది. మళ్ళీ కదిలేదాకా చూసింది. తర్వాత రెండోది. గిన్నె ఖాళీ అయింది. ఆయన ఇంకా కావాలన్నట్టు చూశారు. బ్యాంకాయనకి ఏదో పని గుర్తొచ్చింది, భార్యని తీసుకుని టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. పంపులు మళ్ళీ వెయ్యాలన్నది బావకి గుర్తే లేదు, నేనే వేశాను.

వాళ్ళు గేటు దాటాక అక్క నోరు విప్పింది. "రోజూ ఇలాగేనా?"

బావ తువ్వాలు మడతపెడుతున్నాడు.

"ఆకలి లేదని నాతో చెప్పారు, ఊరుకున్నాను. డాక్టర్‌కి కూడా అదే చెప్పారే! పొట్టకి గొట్టం వేస్తామంటే తల ఊపారే! ఆయన వినలేరనుకున్నారా?"

ఆ తర్వాత బావ ముందు గదిలోకి రావడం మానేశాడు. వెనక సందులోంచి రేకుల గదిలోకి, రేకుల గదిలోంచి వంటింట్లోకి. అన్నగారి కుర్చీ కనిపించే దారి తొక్కేవాడు కాదు. పగడాలు వేళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. "ఒకరి కడుపు మాడ్చింది చాలదా, ఇప్పుడు వాటిది కూడానా?" అని అక్క తిట్టి, తనకి తోచినట్టు ఇంత రొయ్యల ముద్ద తొట్టిలో పడేసేది. సగం దొంగ రొయ్యే తినేది. నేను పొద్దుటి కౌంటర్‌కి మారి, పెద్దబావగారి సాయంత్రం ముద్ద నా వంతు చేసుకున్నాను. గిన్నె ఒక్కరోజు కూడా మిగల్లేదు. మిగలకపోయిన ప్రతిసారీ నాకు బావ మీద మంట పెరిగేది.

ఒకరోజు ఉండబట్టలేక, నాలుగు దులిపేద్దామని రేకుల గదిలోకి వెళ్ళాను. మైనం దవడ ఒకటి చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"తిట్టడానికేగా వచ్చావు. కానియ్యి," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎందుకలా చేశారు బావా?"

దవడ అంచున మిగిలిన మైనం గోటితో గీకాడు. తర్వాత, "అసహ్యమేసేది," అన్నాడు.

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను.

"ముద్ద బుగ్గలో ఉండిపోయి, చొంగతో కలిసి పక్కనుంచి కారుతుంటే చూడలేకపోయేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ ఎంగిలి పళ్ళన్నీ పట్టుకుంటాయి ఈ చేతులు. ఎవరి నోరు చూసినా నాకేమీ అనిపించదు. మా అన్నయ్య నోరు చూస్తే అనిపించింది. తొందరగా అయిపోతే చాలనుకునేవాణ్ణి. సగంలో లేచిపోయి ఆకలి లేదని చెప్పేవాణ్ణి."

"మరి ఆ పగడాల దగ్గర అంతంత సేపు..."

"పగడాలు మనల్ని చూడవు. అన్నయ్య చూస్తాడు. నేను మొహం తిప్పుకుంటున్నానని ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా తిప్పుకునేవాణ్ణి." దవడ బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు. "ఆయన కాకపోతే నేనెక్కడ ఉండేవాణ్ణో నువ్వూ విన్నావు కదా."

మామూలుగా నా నోటికి తాళం ఉండదు. కూడగట్టుకుని వెళ్ళిన తిట్లు మాత్రం వదిలేశాను. "అయితే వచ్చి పెట్టండి ఇప్పటికైనా," అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?" అన్నాడు.

బరువు చూసే రోజు వచ్చింది. అందరం వెళ్ళాం. బరువు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. గొట్టం మాట ఇక అక్కర్లేదన్నారు డాక్టర్ గారు. అక్క అక్కడే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. డాక్టర్ గారు బావ భుజం తట్టారు. "తినిపించేది మీరే కదూ? సాయంత్రాలు మీ వంతేనని అప్పుడు చెప్పారు. ఇలాంటి తమ్ముళ్ళు ఈ రోజుల్లో అరుదండీ."

తల ఊపేసి ఊరుకుంటే సరిపోయేది. మేమెవరమూ కాదనేవాళ్ళం కాదు.

"నేను కాదండీ," అన్నాడు బావ. "మా ఆవిడా, మా మరదలూ. నేను పెట్టినన్నాళ్ళే ఆయన చిక్కిపోయాడు. ఆకలి లేదని మీకు చెప్పింది అబద్ధం. ఆయనకి ఆకలేసేది."

డాక్టర్ గారు చెయ్యి తీసేశారు. కాగితాలు సర్దుకున్నారు. పెద్దబావగారు తప్పు చేసింది తనే అన్నట్టు తల దించుకుని నేల చూపులు చూశారు.

ఆ సాయంత్రం నేను ముద్ద కలిపి ముందు గదిలోకి వచ్చేసరికి బావ అక్కడున్నాడు. ఆ గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో. "ఇలా ఇవ్వు," అన్నాడు. టీవీ కట్టేశాడు. స్టూలు అన్నగారి మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. వేడి చూసుకుని, చిన్న చెంచాతో తీసి, పెదాల దాకా తీసుకెళ్ళి ఆపాడు. మొహం తిప్పుకోలేదు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

పెద్దబావగారు నోరు తెరవలేదు.

"కోపమా అన్నయ్యా?"

కాదని తల ఊపారు. ఒళ్ళో ఉన్న ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి, తొట్టి వైపు చూపించారు. తొట్టిలో ఏమైనా చచ్చిపోయిందేమోనని నేను లేచి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన మళ్ళీ చెయ్యెత్తి పంపుల స్విచ్చు చూపించారు, రొయ్యల గిన్నె చూపించారు. ఆఖర్న తన నోరు చూపించారు.

బావకి నాకన్నా ముందు అర్థమైంది. చెంచా ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"వాటికి తర్వాత అన్నయ్యా. ముందు నీకే."

ఆయన తల అడ్డంగా ఊపి, మళ్ళీ తొట్టి వైపే చూపించారు. ఆ మొహంలో కోపం ఉందేమోనని వెతికాను. దెప్పిపొడుపైనా ఉందేమోనని చూశాను. ఉంటే ఎంత బాగుండేది! తమ్ముడి తొందర తెలిసినవాడై, ఆలస్యం చెయ్యకు, ముందు ఆ పని చూసుకో అని నచ్చచెబుతున్నట్టుగా ఉంది. అక్క పెట్టినా నేను పెట్టినా ఆయన ఎప్పుడూ అలా అనలేదు. తమ్ముడు పెట్టేటప్పుడు మాత్రం పగడాల తర్వాతే తను, అది ఆయన ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, తిను," అన్నాడు బావ.

పెదాలు విడలేదు. ఆయన మర్యాదగా నవ్వారు, మూతి ఎడమ పక్కతో.

బావ గిన్నె నా చేతికిచ్చి లేచాడు. పంపులు ఆపాడు. రొయ్యల్ని కరిగించి, గొట్టం తీసుకుని, నారింజ పగడం ముందు నిలబడ్డాడు. ఏడుపులో గొట్టం గురి తప్పి రొయ్యలు చెదిరిపోతున్నాయి. వెనక పెద్దబావగారు నోరు మూసుకుని తన వంతు కోసం కూర్చునే ఉన్నారు.